గాలి ఆగాక కాసిన ఎండ

నా భయాలన్నీ ఉన్నవాటి గురించే. పాపకు ఒళ్ళు వెచ్చబడితే భయం. ఎస్కలేటర్‌లో దాని చెప్పు ఇరుక్కుంటుందేమోనని భయం. మేముండేది పన్నెండో అంతస్తు కాబట్టి కిటికీలంటే భయం. పడుకున్నాక ఒకసారి లేచి గ్యాస్ కట్టేశానో లేదో చూసుకోనిదే నిద్ర పట్టదు. దయ్యాల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. లేనివాటికి కూడా భయపడేంత తీరిక నాకెక్కడిది అని మా ఆయనతో అనేదాన్ని. హాస్టల్లో అందరూ దుప్పట్లు కప్పుకుని దయ్యం కథలు చెప్పుకుంటుంటే నాకు నిజంగానే నిద్ర వచ్చేసేది.

ఇప్పటికీ ఉన్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను. పాప పడుకుంది, మా ఆయన పడుకున్నారు. ఇది పగలు నలుగురిలో చెప్పగలిగే విషయం కాదు. ఒకసారి మా ఆయనతో చెప్పబోతే, "నీకు నిద్ర చాలట్లేదు" అని జాలిగా చూశారు. అది కూడా నిజమే కావచ్చు.

మాది అనంతపురం. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చాను. సెంబవాంగ్‌లో ఫ్లాట్. పాప పేరు తన్వి, అప్పటికి నాలుగేళ్ళు. నా తమ్ముడు వంశీ కూడా ఇక్కడే, తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం. పాయా లేబర్‌లో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఇర్ఫాన్ అనే స్నేహితుడితో కలిసి ఉండేవాడు. ఇర్ఫాన్‌ది హైదరాబాద్. ఇద్దరూ ఒకే ఆఫీసు.

ప్రతి శనివారం ఇద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళు. వంశీ వస్తూనే సోఫాలో పడిపోయేవాడు. ఇర్ఫాన్ మాత్రం నేరుగా వంటింట్లోకి వచ్చి, నన్ను పక్కకు జరిపి టీ పెట్టేవాడు. నా టీ వాడికి నచ్చదు. "అక్కా, మీ అనంతపూర్‌ల నీళ్ళు లేవని తెలుసు గానీ, పాలు గూడ లేవా?" అనేవాడు. తన్వికి వాడి పేరు నోరు తిరగక ఇప్పు మామ అని పిలిచేది. సొంత మేనమామ సోఫాలో ఉన్నా, అది ఎక్కేది ఇప్పు మామ భుజాలే.

వీళ్ళిద్దరికీ మంచు పిచ్చి. ఆఫీసు వాళ్ళతో ఒకసారి జపాన్ వెళ్ళి స్కీయింగ్ నేర్చుకుని వచ్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. లిఫ్టులు, కంచెలు, కాపలా మనుషులు ఉన్న చోట స్కీ చేయడం వాళ్ళకు తొందరగానే చప్పబడిపోయింది. ఎవరూ తొక్కని మంచు కావాలి. స్కీల అడుగున పట్టీలు అంటించుకుని గంటల తరబడి కొండ ఎక్కడం, ఆ పట్టీలు పీకేసి ఒక్కసారిగా జారి రావడం. ఏడాది పొడుగునా చెమటలు కక్కే ఈ ఊళ్ళో ఉంటూ వాళ్ళు మాట్లాడుకునేదంతా మంచు గురించే.

ఇద్దరిలో తొందర మనిషి వంశీ. ఇర్ఫాన్ నిదానం. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా పచ్చ దీపం వెలిగేదాకా దాటని మనిషి. అందుకే వాళ్ళు ఎప్పుడు బయల్దేరినా నేను ఇర్ఫాన్‌తోనే చెప్పేదాన్ని, మావాణ్ణి చూసుకో అని. మా అమ్మ కూడా ఫోన్లో వాడితోనే అనేది. వాడు ప్రతిసారీ "నీ తమ్ముణ్ణి నీకు అప్పజెప్పే పూచీ నాది" అనేవాడు. ఇర్ఫాన్‌ను చూసుకో అని వంశీకి ఎవరూ చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడే ఆ సంగతి గుర్తొచ్చింది.

ఆ ఏడాది చైనీస్ న్యూ ఇయర్ సెలవులకు అటూ ఇటూ లీవు అతికించుకుని ఉత్తర జపాన్‌కు టికెట్లు కొన్నారు. వెళ్ళబోయే ముందు శనివారం మా ఇంట్లో దోశలు. నేను యథాప్రకారం మొదలుపెట్టాను. మంచు చరియలు విరిగి పడతాయట కదా, ఎందుకురా ఇదంతా అని.

"అక్కా, నీకు మంచు తెల్వదు, గందుకే భయం. ఇటు రా, చూపిస్త" అని ఇర్ఫాన్ ఒక స్టీలు ప్లేటు తీసుకున్నాడు. అందులో పంచదార పరిచాడు. "ఇది కొండ. ఇది ముందుగాల పడ్డ మంచు. బాగ చలి పెడితే గిట్ల పంచదార లెక్క పలుకులైతది. ఒకదానికొకటి అతుక్కోదు."

తర్వాత వంశీ ప్లేటులోంచి దోశ తీసి దాని మీద పరిచాడు.

"నా దోశతో ఆడుకోవద్దురా, ఆకలైతాంది" అన్నాడు వంశీ.

"నీ కడుపు గూడ కొండనే, ఆగు. అక్కా, ఇది గాలి చేసే పని. గాలొస్తే కొండకు ఈ పక్కనున్న మంచంత ఊడ్చి ఆ పక్కన పెడ్తది. ఊరికె పెట్టదు, దిమ్మిస కొట్టినట్టు గట్టిగ పెడ్తది. పైకెళ్ళి చూస్తే మస్తుంటది, నున్నగ. కింద పంచదారనే."

మరి ఎండ వస్తే కరిగిపోతుంది కదా, మంచిదేగా అన్నాను.

ఇర్ఫాన్ నవ్వి దోశ మీద గరిటెడు సాంబారు పోశాడు. "ఎండొస్తే పై పొర మెత్తబడ్తది, బరువైతది, నీళ్ళు లోపలికి దిగుతయ్. అప్పుడు చూడు" అని ప్లేటు కొంచెం వంచాడు. దోశ మొత్తం ఒక్క ముక్కగా జారి టేబుల్ గుడ్డ మీద పడింది. తన్వి చప్పట్లు కొట్టి "అగైన్ లా, ఇప్పు మామా" అంది, ఇక్కడి పిల్లల యాసలో. వంశీ తన దోశ వైపు దిగులుగా చూశాడు.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వ వాళ్ళ ఊళ్ళో అన్నీ మట్టి గోడలు. నాలుగు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చాక, మొదటి ఎండ వచ్చిన పూట మమ్మల్ని ఏ గోడ పక్కనా ఆడుకోనిచ్చేది కాదు. వానలో నిలబడిన గోడ ఎండకు పడుతుంది అనేది. ఆ మాట చెప్పాను. వంశీకి ఆ గోడలు గుర్తు లేవు. ఇర్ఫాన్ మాత్రం, "కరెక్ట్ చెప్పింది మీ అవ్వ. ఆమెనే గైడ్‌గ తీస్కపోవల్సింది. ఫీజు గూడ తక్కువ" అన్నాడు.

వంశీ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను గుడ్డ మీది పంచదార దులుపుతున్నాను. అప్పుడు పై నుంచి ఒక చప్పుడు వచ్చింది. నీళ్ళు పీల్చిన పరుపును ఎవరో ఎత్తి పడేసినట్టు, బరువుగా, మెత్తగా. ఇర్ఫాన్ తలెత్తి సీలింగ్ వైపు చూశాడు. "పైన ఎవరక్కా, పరుపులు పడేస్తున్నరు?" అన్నాడు. ఎవరో అంకుల్ అన్నాను. అంతే. ఇలాంటి బ్లాకుల్లో పైనుంచి ఏవో చప్పుళ్ళు రావడం మామూలే. ఇక్కడ ఎవర్ని అడిగినా, మా పై ఫ్లాట్‌లో గోళీలు దొర్లుతాయి అని ఒక కథ చెప్తారు. నేను ఆ విషయం అక్కడే మర్చిపోయాను.

వెళ్ళేటప్పుడు ఇర్ఫాన్ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ "పోయొస్తం అక్కా" అన్నాడు. మావాణ్ణి చూసుకో అన్నాను.

వాళ్ళు విమానం ఎక్కిన తర్వాత ఆ చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి నేను ఒక్కదాన్నే హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. చెవితో కన్నా కాళ్ళతో ఎక్కువ విన్నాను. చప్పుడుతో పాటు నేల ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగి కూర్చున్నట్టు అనిపించింది. ఇల్లు పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్టు. తన్వి పక్కనే బొమ్మలు పేర్చుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

మర్నాడు రాలేదు, ఆ మర్నాడు మళ్ళీ వచ్చింది. మా ఆయనకు చెప్పాను. ఆయన ఇంజనీరు. వాతావరణం మారినప్పుడు ఇక్కడి ఫ్లాట్లలో టైల్స్ పైకి లేచి పగులుతాయి, అదే అయ్యుంటుంది అన్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఒక చెంచా పట్టుకుని హాల్లో టైల్స్ అన్నీ వరసగా కొట్టి చూశారు. వెనకాలే తన్వి ఇంకో చెంచాతో కొట్టుకుంటూ వెళ్ళింది. ఒక్కటి కూడా డొల్లగా మోగలేదు.

పై అంతస్తుకు వెళ్ళాను. తలుపు ఇనుప గేటుకు తాళం, తలుపు మీద ఎప్పటి చైనీస్ పండక్కో అంటించిన ఎర్ర కాగితం వెలిసి తెల్లబడి ఉంది. ఎదురింటావిడ బయటికొచ్చి, "అంకుల్ గాన్ టు డాటర్ హౌస్, లాంగ్ టైం ఆల్రెడీ. నోబడీ ఇన్‌సైడ్ లా" అంది. కింది ఫ్లాట్ మలయ్ ఆంటీని కూడా అడిగాను. మీకేమైనా చప్పుడు వినిపిస్తోందా అని. ఆవిడ నవ్వి, మా ఇంట్లోంచి తన్వి పరుగులు తప్ప ఇంకేమీ వినిపించట్లేదంది. నేను వెళ్ళింది ఫిర్యాదు చేయడానికి. తిరిగొచ్చింది మాత్రం క్షమాపణ చెప్పి.

ఇంకో విషయం కూడా గమనించాను. ఆ నెలల్లో ఇక్కడ ఈశాన్యం గాలి. మా ఫ్లాట్ సముద్రం వైపు. గాలి లేచిన రోజు తలుపులు ధనధనా కొట్టుకుంటాయి, ఆరేసిన బట్టలు కర్రలకు చుట్టుకుపోతాయి. అలాంటి రోజుల్లో ఆ చప్పుడు లేదు. గాలి పడిపోయి, మబ్బు విడిచి, హాల్లో నేల మీద ఎండ పడ్డాక వచ్చేది. ఒక ఆదివారం మా ఆయన ఇంట్లో ఉండగానే వచ్చింది. నా పక్కనే సోఫాలో ఫోన్ చూసుకుంటున్నారు. నేను ఉలిక్కిపడి లేచాను. ఏమైంది అన్నారు. ఆయనకు ఏమీ వినపడలేదు.

నాకే ఏదో అవుతోందని అప్పుడు మొదటిసారి అనుకున్నాను.

అక్కడ జపాన్లో వంశీ వాళ్ళు లాడ్జిలో ఇరుక్కుపోయారు. గైడ్‌తో ఒక్కరోజు బయటికి వెళ్ళారు. తర్వాత మంచు తుఫాను. రోజంతా గాలి, కిటికీ అవతల ఏమీ కనిపించదు. వంశీ విసుగ్గా ఫోన్ చేసేవాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని పై ఫ్లాట్ గురించి చెప్పాను. ఎవరూ లేరంటారు, పరుపులు పడేస్తారు, టైల్స్ కాదు అని నవ్వుతూనే చెప్పాను.

వంశీ నవ్వలేదు. "ఎట్లుంటాదిక్కా ఆ సద్దు?" అన్నాడు.

చెప్పాను. నేల దిగి కూర్చున్నట్టు ఉంటుందని కూడా చెప్పాను.

"మొన్న గైడ్‌తో పోయినప్పుడు అట్లాంటిదే విన్యాం మేము. చదునుగా ఉండేచోట నడస్తాంటే కాళ్ళ కింద ధుమ్మని సద్దయి, మంచంతా ఒక్కసారి కూసునె. లోపల ఆ పంచదార పొర ఇరిగితే అట్ల వస్తాదంట. గైడ్ ఇంగ ఒక్క మాట మాట్లాడ్లే. అట్లే వెనక్కి తిప్పినాడు మమ్మల్ని." వెంటనే, "ఊరికే చెప్తాండా. నువ్వు ఇది మనసులో పెట్టుకోని కూసోవద్దు" అన్నాడు.

పెట్టుకోకుండా ఎలా ఉంటాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు హాల్లో ఆ టైల్స్ మీద కాలు పెట్టకుండా సోఫాలోనే కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ చప్పుడు నాకు ఒక సమాచారం లాంటిదైపోయింది. ఎవరి గురించో నాకు అనుమానమే లేదు. అక్కడున్నది నా తమ్ముడు.

వాళ్ళు తిరిగి రావాల్సిన ముందురోజు పొద్దున వీడియో కాల్ చేశాడు వంశీ. ఫోన్‌ను కిటికీ దగ్గర ఆనించి పెట్టాడు. గది నిండా వెలుతురు. గాలి లేదు. కిటికీ పైన వేలాడుతున్న మంచు కడ్డీల్లోంచి నీళ్ళు టపటపా కారుతున్నాయి. వెనకాల ఇర్ఫాన్ మంచం చివర కూర్చుని బూట్లు బిగించుకుంటున్నాడు. స్వెటర్ కూడా వేసుకోలేదు, చొక్కా మీదే ఉన్నాడు. ఇన్నాళ్ళ తుఫాను తర్వాత ఆ ఎండ చూసి నాకే ప్రాణం లేచొచ్చింది. "అబ్బ, ఎండ కాసిందే" అన్నాను. మేం వేడి దేశాల వాళ్ళం. చలి అంటే ప్రమాదం, ఎండ అంటే ప్రమాదం గడిచిపోవడం. మంచు గురించి ఎన్ని చదివినా ఒంట్లో ఉన్నది అదే. ప్లేటు వంచి చూపించిన ఇర్ఫాన్ ఒంట్లో కూడా అదే ఉందేమో.

గైడ్ ఆ రోజు రానన్నాడు. గాలి మంచును ఒక పక్కకు తోసింది, ఇప్పుడు వెచ్చబడుతోంది, ఇవాళ లిఫ్టులున్న చోటే ఉండండి అని చెప్పాడట. కానీ లాడ్జిలో దిగిన మరో ఇద్దరు వెనకాల ఉన్న చిన్న గుట్ట మీదికి వెళ్తున్నారు. వీళ్ళకు సెలవంతా గదిలోనే అయిపోయింది. మర్నాడు విమానం. ఎప్పుడూ తొందరపడేది వంశీ. ఆ రోజు మాత్రం మొదట బూట్లు చేతిలోకి తీసుకున్నది ఇర్ఫానట.

వంశీ ఇదంతా చెప్తుండగానే మా హాల్లో ఆ చప్పుడు వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ అంత గట్టిగా రాలేదు. సరిగ్గా అప్పుడే తెర మీద ఇర్ఫాన్ తలెత్తి పైకి చూశాడు. ఒక్క క్షణం. మళ్ళీ వంగి బూటు తాడు లాగాడు. వంశీ మాట్లాడుతూనే ఉన్నాడు, వాడికి ఏమీ వినిపించలేదు. నేను చూశాను. చూసి దాని గురించి ఏమీ అనుకోలేదు.

పోవద్దురా అన్నాను. ఎందుకని అడిగాడు. అవ్వ గోడ మాట చెప్పాను. ఇక్కడ మళ్ళీ ఆ సద్దు వచ్చిందిరా అని చెప్పాను. ఏడుస్తున్నానని నా గొంతు వింటేనే నాకు తెలిసింది. వంశీకి కోపం వచ్చింది.

"పాపను భయపెట్టినట్ల నన్ను గూడ భయపెడ్తాండావ్. పన్నెండో అంతస్తులో ఏదో సద్దయితే జపాన్లో నేను పొణుకోవాల్నా?"

ఇర్ఫాన్ లేచి వచ్చి వాడి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. తెర నిండా వాడి ముఖం, ఎండకు కళ్ళు చిట్లించుకుని. "ఏమైందక్కా, ఏడుస్తున్నవా? అరె, వీణ్ణి నేను ఆపుత. వీడు ఈడనే ఉంటడు, సరేనా? నీ తమ్ముణ్ణి నీకు అప్పజెప్పిన. నువ్వు ఫికర్ జెయ్యకు. నేను ఊకె అట్ల పోయి ఇట్ల వస్త, చిన్న గుట్టనే."

నాకు గుండె మీద బరువు దిగిపోయినట్టయింది. "థాంక్స్‌రా ఇర్ఫాన్" అన్నాను.

వాడితో నేను మాట్లాడిన చివరి మాట అదే.

మధ్యాహ్నం తన్విని కిండర్‌గార్టెన్ నుంచి తీసుకొస్తుంటే బ్లాక్ కింద ఫోన్ మోగింది. వంశీ. అక్కా అని ఆగిపోయాడు. గొంతు విన్నాను కాబట్టి వాడు బతికే ఉన్నాడు అనుకున్నాను. ముందు ఆ ఒక్కటే అనుకున్నాను. ఆ తర్వాత వాడేం చెప్తున్నాడో అర్థమైంది. తన్వి నా చెయ్యి లాగుతూ లిఫ్టు బటన్ తనే నొక్కుతానని గొడవ చేస్తోంది.

తర్వాత వంశీ, వాడితో వెళ్ళిన ఆ ఇద్దరి దగ్గర విన్నది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గుట్టకు గాలి వచ్చిన వైపు మంచు లేచిపోయి రాళ్ళు తేలాయట. అవతలి వైపు నున్నగా, గుండ్రంగా, ఎవరో పనిగట్టుకుని మెత్తినట్టు ఉందట. అటే జారారు. మొదటి ఇద్దరికీ ఏమీ కాలేదు. మూడోవాడు ఇర్ఫాన్. ఆగి వాళ్ళు కిందికి చేరేదాకా చూసి, జాగ్రత్తగా, ఒక్కడే దిగాడట. వాడికి పైన గీత గీసినట్టు మంచు తెగి, మొత్తం ఒక్క పలకలా కదిలిందట. వాళ్ళు వెతికారు. లాడ్జి నుంచి మనుషులు పరుగెత్తారు. వంశీ కూడా తవ్వాడు. తీసేసరికి ఆలస్యమైపోయింది.

ఇర్ఫాన్ అన్నయ్య జపాన్ వెళ్ళి వాణ్ణి హైదరాబాద్ తీసుకెళ్ళాడు. వంశీ కూడా వెంట వెళ్ళాడు. ఇర్ఫాన్ వాళ్ళమ్మగారు వంశీ ముఖం రెండు చేతులతో పట్టుకుని, ఆ పొద్దున వాడు ఏమైనా తిన్నాడా అని అడిగారట. రెండు గుడ్లు, అన్నం తిన్నాడు అని చెప్పాడట. ఇంకేమీ అడగలేదట.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ చప్పుడు రాలేదు. గాలి నెలలు అయిపోయాయి కాబట్టి రాలేదు అనుకోవచ్చు. కానీ మళ్ళీ గాలి నెలలు వచ్చాయి, వెళ్ళాయి. పై ఫ్లాట్‌లోకి ఇద్దరు మగపిల్లలున్న కుటుంబం అద్దెకు దిగింది. బంతులు, కుర్చీలు, పరుగులు, అన్నీ వినిపిస్తాయి. అందులో ఒక్కటి కూడా దానిలా ఉండదు. చెవులు కూడా చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు.

వంశీ స్కీలు ఎవరికో ఇచ్చేశాడు. పాయా లేబర్ ఫ్లాట్ ఖాళీ చేసి మా దగ్గర్లోకి వచ్చాడు. శనివారాలు వస్తాడు. సోఫాలో పడుకోవడం మానేశాడు. వంటింట్లోకి వచ్చి టీ పెడతాడు. ఇర్ఫాన్ పెట్టినంత చిక్కగా రాదు, మేమిద్దరం ఆ మాట అనుకోం.

ఒక శనివారం దోశలు తింటుండగా తన్వి పంచదార గిన్నె లాక్కుని, ప్లేటులో పోసి, పైన దోశ పెట్టి, వంచింది. ఎవరూ చెప్పలేదు, అదే చేసింది. నేను గభాలున ప్లేటు లాక్కోబోయాను. వంశీ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. దోశ జారడం చూస్తూ, ఎన్నాళ్ళుగానో దాచుకున్నట్టు ఒక మాట చెప్పాడు.

"ఆ పొద్దు నీ ఫోన్ పెట్టేసినాక వాడొక మాట అడిగినాడుక్కా. పైన పరుపు పడేసింది ఎవర్రా అని. మా రూమే ఆఖరి అంతస్తు. దాని పైన కప్పు తప్ప ఏం లేదు. పైన ఎవరూ లేర్రా అన్యా. సరేలే అని పాయ."

మళ్ళీ వాడే అన్నాడు, "కప్పు మీది మంచు జారింటాది. ఎండకు జారతాది అట్ల. నాకు ఇనపడ్లే అంతే."

అయ్యుంటుంది అన్నాను. అది చాలా మామూలు విషయమట, వెచ్చబడితే కప్పుల మీది మంచు ధభీమని పడుతుందట. తెర మీద ఇర్ఫాన్ తలెత్తడం నేను చూశానని వంశీకి చెప్పలేదు. మా హాల్లో చప్పుడు, వాడు తలెత్తడం ఒకే క్షణమని చెప్పలేదు. వాడికి ఉన్న బరువు చాలు.

అప్పుడే నాకు ఆ మొదటి శనివారం గుర్తొచ్చింది. పంచదార దులుపుతున్న నేను, సీలింగ్ వైపు చూసిన ఇర్ఫాన్, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిన వంశీ. మా ఆయనకు ఎప్పుడూ వినపడలేదు. పాపకు వినపడలేదు. కిందింటికీ వినపడలేదు. నా తమ్ముడికి కాళ్ళ కింద మంచు కూర్చున్నప్పుడు తప్ప ఇంకెప్పుడూ వినపడలేదు. మా ఇంట్లో ఆ చప్పుడు విన్నవాళ్ళం ఇద్దరమే, నేనూ ఇర్ఫానూ.

వచ్చింది ఎవరి కోసమో అది చెప్పనే లేదు. దాని మీద నా తమ్ముడి పేరు రాసుకున్నది నేను. నాది అనుకున్న ఒక్కణ్ణి వెనక్కి లాక్కుని, మిగిలినవాడికి థాంక్స్ చెప్పాను. ఇంకొక్క మాట అని ఉంటే వాడు ఆగేవాడా? ఆగేవాడనే అనిపిస్తుంది. నేను ఏడిస్తే చూడలేని మనిషి.

మా ఆయన చెప్పేవన్నీ నేనూ ఒప్పుకుంటాను. నిద్రలేమి, భయం, ఒకేసారి జరిగిన రెండు మామూలు విషయాలు. వాటిలో ఏది నిజమైనా నాకు అభ్యంతరం లేదు. వాటిలో ఏదీ ఇర్ఫాన్ ఆ రెండు సార్లూ ఒకే మాట ఎందుకడిగాడో చెప్పదు.

ఇప్పుడు కూడా గాలి ఆగి ఎండ కాసిన పూట, పని ఆపి హాల్లో చెప్పులు విడిచి నిలబడతాను. టైల్స్ వెచ్చబడతాయి. పై పిల్లల పరుగులు వినిపిస్తాయి. వస్తే ఈసారి ఎవరి కోసమని ఆలోచించను, నాకు తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి ఇంట్లోంచి కదలొద్దంటాను అనుకుంటాను. కాసేపు అలాగే నిలబడతాను.

రాదు.